వాకిట్లో వరద, వెనక గదిలో కరువు



గత సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్ళు ఎప్పుడు పోయాలి, ఎంత పోయాలి అని రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్యాటరీ గురించి కాదు, వైఫై గురించే ఉన్నాయి. వాటిలో హోసూరు బాగలూరు రోడ్డు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్నే ఈసారి తీసుకుంటున్నాను. ఎందుకంటే అది ఆమె ఒక్కరి బాధ కాదు, మా ఇంటి బాధ కూడా.

"అన్నయ్యగారూ, మా ఇంటికి ఫైబర్ లైను వేయించి రెండేళ్ళయింది. మొదట 50 మెగాబిట్ల పథకం తీసుకున్నాం. పాప తెలుగు క్లాసు మధ్యలో ఆగిపోతోందని 100 చేయించాం. అప్పుడూ ఆగిపోతుంటే 200 చేయించాం. బిల్లు పెరిగింది గాని క్లాసు కుదుటపడలేదు. ముందు గదిలో అంతా బాగానే ఉంటుంది. వెనక గదిలో మాత్రం టీచరమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోతుంది. డ్యూయల్ బ్యాండ్ రౌటర్ పెడితే బాగుపడుతుందని పక్కింటివారు అంటున్నారు. కొనమంటారా?"

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది ఈ సంగతి. వాకిలిదాకా వరదలా వచ్చిన ఇంటర్నెట్టు వెనక గదికి చేరేసరికి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. కొనమనే చెబుతాను. కాని కొనేముందు ఆ పెట్టె ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలుసుకుంటే మంచిది. లేకపోతే పథకం మార్చినట్టే పెట్టె కూడా మార్చి, మళ్ళీ నాకే ఉత్తరం రాయవలసి వస్తుంది.

ఒత్తు ఎక్కడ పోయింది?

ఇది సినిమాలు చూసుకునే సరదా కోసం పడే తంటా అయితే నేనింత చెప్పేవాణ్ణి కాను. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం మన పిల్లలు నేర్చుకోవలసిందే. ఈ నేల మీద బతుకుతూ ఈ నేల భాష రాకపోతే ఎలా? కాని బడిలో తెలుగుకు చోటు తగ్గినకొద్దీ, అక్షరం దిద్దించే పని ఇంటి మీద పడింది. అమ్మానాన్నలు ఇద్దరూ సిప్కాట్ కంపెనీలకో, బస్సెక్కి బెంగుళూరుకో పోయి వచ్చే ఇళ్ళలో ఆ పని ఆదివారం ఇంటర్నెట్టు క్లాసు మీద పడింది.

మా మనవరాలు అలాంటి క్లాసులోనే చదువుతోంది. ఒక ఆదివారం టీచరమ్మ పదాలు చెబుతుంటే పిల్ల రాస్తోంది. నోటుపుస్తకం చూద్దును గదా, "అత్త"కు బదులు "అత" అని ఉంది. "అక్క"కు బదులు "అక" అని ఉంది.

"ఏమే, ఒత్తులెక్కడ పోయినాయి?" అన్నాను.

"టీచరమ్మ అట్లనే చెప్పింది తాతా. నాకు వినిపించిందే రాసినాను" అంది.

పిల్ల అబద్ధం చెప్పలేదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నప్పుడు ముందు పోయేది ఒత్తే. పెద్దవాళ్ళమైతే అలవాటు మీద ఊహించుకుని సరిపెట్టుకుంటాం. అక్షరం కొత్తగా నేర్చుకునే పిల్లకు ఆ ఊహ ఎక్కడిది? ఆ రోజు నేను వైఫై పెట్టె మూత మీద దుమ్ము తుడిచి, దాని సంగతేమిటో తేల్చుకుందామని కూర్చున్నాను.

లోపం ట్యాంకులోనా, కుళాయిలోనా?

కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తే మనం ముందు ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూస్తాం. ఇక్కడా అంతే. బయటినుంచి ఇంటిదాకా వచ్చే లైను వేరు, పెట్టె నుంచి మన చేతిలోని ఫోనుదాకా గాలిలో నడిచే దారి వేరు. ఈ రెండూ విడదీసి చూడకుండా ఎవరినీ తిట్టకండి.

పరీక్ష చాలా తేలిక. ఒక ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు తగిలించి వేగం చూడండి. తర్వాత కేబుల్ తీసేసి, వెనక గదిలో కూర్చుని వైఫై మీద చూడండి. మొదటిదానిలో మీ పథకం వేగం దాదాపు పూర్తిగా వచ్చి, రెండోదానిలో పదో వంతే వస్తే లైను వేసినవారి తప్పేమీ లేదు. లోపం మన ఇంటి గాలిలోనే ఉంది. మొదటిదానిలోనే రాకపోతే మాత్రం రౌటర్ కొనకండి, లైనుమనిషిని పిలవండి.

ఇంకొక లెక్క కూడా చూడండి. వీడియో క్లాసుకు రెండు నుంచి నాలుగు మెగాబిట్లు చాలు. అంటే సోదరిగారి మొదటి 50 మెగాబిట్ల పథకంలోనే పది పన్నెండు క్లాసులు ఒకేసారి నడిచేవి. ఆమె ట్యాంకు పెద్దది చేస్తూ పోయారు. చూడవలసింది కుళాయిని.

రెండు బాటలు

వైఫై కూడా రేడియో అలే. గోడల్ని దాటి పోయే ఇలాంటి అలల్ని 1895లోనే జగదీశ్ చంద్ర బోసుగారు కలకత్తాలో పదిమంది ముందు చూపించారు. దూరంగా ఉన్న గంటను తీగ లేకుండా మోగించారు. నేడు మన ఇంట్లో వాడుతున్న అలలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 240 కోట్ల సార్లు ఊగేది. రెండోది 5 గిగాహెర్ట్జ్, సెకనుకు 500 కోట్ల సార్లు, ఆ పైన ఊగేది. ఒక్కో అల పొడవు మొదటిదానికి సుమారు ఐదు అంగుళాలు, రెండోదానికి రెండంగుళాల పైచిలుకు. ఈ రెండింటినీ ఒకేసారి నడిపే పెట్టెనే డ్యూయల్ బ్యాండ్ రౌటర్ అంటారు.

ఐదు అనేది కొత్తగా కనిపెట్టింది అనుకుంటారు చాలామంది. కాదు. 1999లోనే రెండింటికీ ప్రమాణాలు వచ్చాయి. వైఫై అన్న పేరు పుట్టింది కూడా ఆ ఏడాదే. కాకపోతే 2.4 రకం చవకగా దొరికి ముందు ఇంటింటికీ చేరింది. మన దేశంలో 2.4 బాట వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. 2018లో ప్రభుత్వం 5 బాటలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అంటే ఏడు రెట్లు వెడల్పు.

మన ఊరి భాషలో చెప్పాలంటే 2.4 అనేది సంత రోజు ఊరి వీధి. మన వాకిట్లోకే వస్తుంది గాని ఎడ్లబండి వెనకా, ఆటో వెనకా నడవాలి. 5 అనేది హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే జాతీయ రహదారి. దాని మీద బస్సు దూసుకుపోతుంది. కాని ఏ ఇంటి వాకిట్లోకీ రాదు. అల పొట్టిదైనకొద్దీ దూరాన అందే బలం తగ్గుతుంది. గోడ అడ్డమైతే మరీ నీరసిస్తుంది. అడ్డేమీ లేని చోట కూడా అదే దూరంలో 5 బలం 2.4 కంటే నాలుగైదు రెట్లు తక్కువగా అందుతుంది.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా తేలిక. మాకు రెండు ఇళ్ళలో రెండు రకాల జబ్బు తగిలింది. ఒకే పెట్టె, రెండు వైద్యాలు.

మొదటి ఇల్లు: హోసూరు

హోసూరులో మేముండేది వరసగా ఇళ్ళు అంటుకుని ఉన్న వీధి. వైఫైలను చూపించే ఉచితమైన అప్లికేషన్ ఒకటి ఫోనులో వేసుకుని వెనక గదిలో తెరిచాను. ఇరవైకి పైగా పేర్లు! పై అంతస్తు, కింది అంతస్తు, ఎదురిల్లు, కిరాణా అంగడి, అందరూ 2.4 లోనే. ఒక చానల్‌లో ఒకరు మాట్లాడేటప్పుడు మిగిలినవారు ఆగాలి. అందరిదీ ఒకే వీధి అయితే మనవంతు ఎప్పటికి వస్తుంది?

2.4 లో మనకు 13 చానళ్ళు ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. కొందరు తెలివిగా 3 గాని 8 గాని ఎంచుకుంటారు, ఖాళీగా ఉంది గదా అని. అది రెండు ఇళ్ళ పెళ్ళి మేళాల మధ్య కూర్చుని పురాణం చెప్పినట్టు. అటు గొడవా వినిపిస్తుంది, ఇటు గొడవా వినిపిస్తుంది. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తుంది. బ్లూటూత్ కూడా ఆ వీధిలోదే. వంటింట్లో పాలు వెచ్చబెట్టిన రెండు నిమిషాలూ క్లాసు తడబడటం మేము గడియారం పెట్టుకుని చూశాం.

ఈ ఇంటికి మందు 5. ఇల్లు చిన్నది, పెట్టెకీ వెనక గదికీ మధ్య ఒక్క ఇటుక గోడ. డ్యూయల్ బ్యాండ్ పెట్టె పెట్టి, క్లాసు వినే ల్యాప్‌టాప్‌ను 5 మీదికి మార్చాం. అంతే. పొరుగువారి గొడవంతా పక్కవీధిలోనే ఉండిపోయింది. 5 లోని అలలు గోడలు దాటలేకపోవడం ఇక్కడ మనకు మేలే చేసింది. పక్కింటివారి 5 మన ఇంట్లోకి అంతగా రాదు, మనది వారింట్లోకి పోదు.

రెండో ఇల్లు: కృష్ణగిరి

హోసూరు విజయం చూసుకుని నేను కొంచెం పొంగిపోయిన మాట నిజం. కృష్ణగిరి పాతపేటలో మా అక్కయ్య ఉంటుంది. కోట కొండ కింద తాతలనాటి ఇల్లు, రెండడుగుల మందం రాతిగోడలు. క్లాసు అయిన తర్వాత మనవరాలు ఆ రోజు నేర్చుకున్నది అవ్వకు వీడియోలో చదివి వినిపించాలి. అది వాళ్ళిద్దరి ఒప్పందం. అవ్వ కూర్చునేది వెనక వసారాలో. పెట్టె ఉండేది వాకిలి పక్కన, లైనువాళ్ళు ఎక్కడ మేకు కొట్టారో అక్కడ.

అక్కడా అలాంటి పెట్టే కొని పెట్టి, ఫోను 5 మీదికి మార్చి వచ్చాను. మర్నాడు ఫోను.

"ఏమప్పా, నువ్వొచ్చి బాగుచేసినాక ఉండేది కూడా పోయిందే!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. హోసూరులో ఒక్క ఇటుక గోడ. ఇక్కడ మూడు రాతిగోడలు. మొదటి గోడకే 5 సగం చచ్చింది, రెండో గోడ దాటలేదు. 2.4 ఎలాగో కుంటుకుంటూ వసారాదాకా వచ్చేది. దాన్నీ నేనే మాన్పించాను.

మళ్ళీ వెళ్ళి ఈసారి నింపాదిగా చూశాను. ఫోనులోని అదే అప్లికేషన్ సంకేత బలాన్ని మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా వీడియోకు పరవాలేదు. మైనస్ 80 అయితే ఆశ వదులుకోవాలి. వసారాలో 5 మైనస్ 85 దాటింది.

మొదట డబ్బు ఖర్చు లేని పని చేశాం. పెట్టెను వాకిలి మూలనుంచి తీసి నడవలోకి, ఆరడుగుల ఎత్తున గూట్లోకి మార్చాం. ఇనప బీరువా పక్కనా, నిలువుటద్దం వెనకా, నీళ్ళ డ్రమ్ము దగ్గరా ఈ పెట్టె పెట్టకూడదు. ఇనుము అలల్ని వెనక్కి తిప్పికొడుతుంది, అద్దం వెనక పూత కూడా అంతే, నీళ్ళు తాగేస్తాయి. సిమెంటు స్లాబులో ఉండే ఇనప కమ్ములూ ఇదే పని చేస్తాయి. ఈ ఒక్క మార్పుతోనే వసారాలో 2.4 బాగుపడింది. పాతపేట ఇంటి లోపల పొరుగువారి పేర్లు నాలుగే కనబడుతున్నాయి గనుక అక్కడ 2.4 వీధి ఖాళీగానే ఉంది. అవ్వ ఫోనుకు అదే చాలు.

ఒక పెట్టెతో పనికాని ఇళ్ళుంటాయి. వాటికి రెండో పెట్టె పెట్టాలి. అందులో రెండు జాగ్రత్తలు. ఒకటి, రెండో పెట్టెను సంకేతం అందని గదిలో కాదు, దానికి ముందు, సంకేతం ఇంకా బాగున్నచోట పెట్టాలి. ఆకలితో ఉన్నవాణ్ణి పంక్తిలో వడ్డించమంటే ఏం వడ్డిస్తాడు? రెండు, వీలైతే రెండింటి మధ్యా కాట్ 6 కేబుల్ లాగించండి. ఆ కేబుల్ 100 మీటర్లదాకా వేగం తగ్గకుండా మోస్తుంది. కేబుల్ లేకుండా గాలిలోనే అందుకుని అదే బాటలో మళ్ళీ వదిలే చవక రిపీటర్ పెడితే వేగం సుమారు సగమవుతుంది. విన్న ప్రతి మాటనూ అదే నోటితో మళ్ళీ చెప్పాలి గదా!

అంగట్లో అడగవలసినవి

డబ్బా మీద 1200 అని రాసి ఉంటే వేగం 1200 వస్తుందనుకోకండి. 2.4 బాటలో 300, 5 బాటలో 867, రెండూ కూడి గుండ్రంగా 1200 అని వేస్తారు. ఒక ఫోను ఒకసారి ఒక బాటలోనే నడుస్తుంది. పైగా అవి కాగితం మీది అంకెలు, చేతికి అందేది అందులో సగం అటూ ఇటూ.

అంతకంటే ముఖ్యమైనది వెనక ఉండే ల్యాన్ రంధ్రాలు. చవక పెట్టెల్లో అవి 100 మెగాబిట్లకే పరిమితం. మీరు 200 పథకం తీసుకుని అలాంటి పెట్టె కొంటే రెండో వంద ఎప్పటికీ లోపలికి రాదు. గిగాబిట్ పోర్టులు ఉన్నాయా అని అడిగి కొనండి. యాంటెనాలు నాలుగా, ఆరా అని లెక్కపెట్టనక్కరలేదు. వైఫై 5 అనే రకం మామూలు ఇంటికి చాలు. ఇంట్లో చాలా ఫోన్లుండి, అవి కొత్తవైతే వైఫై 6 తీసుకోవచ్చు. ఇక్కడ ఒక తికమక: వైఫై 5 అన్నది తరం సంఖ్య, 5 గిగాహెర్ట్జ్ అన్నది బాట. రెండూ ఒకటి కావు.

కొనేముందు ఇంకొకటి. లైనువారు ఇచ్చిన పెట్టెలోనే రెండు బాటలూ ఉన్నాయేమో చూడండి. ఉండి కూడా ఒకటి ఆపివేసి ఉన్న ఇల్లు నేను చూశాను. మీ ఫోనుకు 5 పట్టే శక్తి ఉందో లేదో కూడా చూసుకోండి. పాత ఫోన్లు కొన్నిటికి ఆ బాట కనిపించనే కనిపించదు.

పెట్టాక చేయవలసినవి

1. రెండు బాటలకూ రెండు పేర్లు పెట్టండి. ఒకే పేరు పెడితే పెట్టే ఎంచుకుంటుంది గాని, ఒక్కోసారి ఫోను మొండిగా తప్పు బాటనే పట్టుకుని వేలాడుతుంది. మేము "వీధి", "రహదారి" అని పెట్టుకున్నాం. పిల్లలకు కూడా గుర్తుంటుంది.

2. క్లాసు వినే యంత్రం, టీవీ, ల్యాప్‌టాప్ దగ్గరగా ఉంటే 5 మీద. దూరపు గదుల్లోని ఫోన్లు, వైఫై బల్బులు, చిన్న కెమేరాలు 2.4 మీద. ఆ బల్బులు చాలావాటికి 2.4 తప్ప మరొకటి తెలియదు. టీవీ పెట్టె పక్కనే ఉంటే దానికి కేబులే తగిలించండి. గాలిలో ఒకరు తగ్గితే మిగిలినవారికి ఊపిరాడుతుంది.

3. 2.4 లో వెడల్పు 20 మెగాహెర్ట్జ్, చానల్ 1, 6, 11 లో ఏది ఖాళీగా ఉంటే అది. 5 లో వెడల్పు 80. చానల్ 36 నుంచి 48 దాకా గాని, 149 పైన గాని పెట్టుకోండి. మధ్యవి కొన్ని రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినబడితే పెట్టె దారి వదిలి తప్పుకోవాలి. క్లాసు మధ్యలో అది మనకెందుకు?

4. డబ్బా మీద అచ్చయిన రహస్య సంకేతం మార్చండి. భద్రత డబ్ల్యు.పి.ఎ. 2 కంటే తక్కువ ఉండకూడదు, 3 ఉంటే మరీ మంచిది. ఇంటి పేరూ పుట్టినరోజూ కలిపి పెట్టకండి. అది వీధంతటికీ తెలుసు.

5. కరెంటు పోయినప్పుడు లైను బాగానే ఉన్నా పెట్టె ఆరిపోతుంది. 12 వోల్టుల చిన్న బ్యాకప్ దొరుకుతుంది. లైను పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ సరిపోయేది తీసుకోండి. ఒకటి వెలిగి ఒకటి ఆరితే లాభం లేదు.

ఇక సోదరిగారికి నా జవాబు. అమ్మా, ముందు కేబుల్ పరీక్ష చేయండి. లైను బాగుంటే పథకాన్ని మళ్ళీ 50కి గాని 100కి గాని దించండి. మిగిలిన డబ్బు కొన్ని నెలల్లో పెట్టె ఖరీదు తెచ్చిపెడుతుంది. పెట్టెకూ వెనక గదికీ మధ్య ఒకటి రెండు మామూలు గోడలే అయితే 5 మీ కష్టం తీరుస్తుంది. అంతకు మించి ఉంటే ముందు పెట్టెను ఇంటి నడుమకు జరపండి. తర్వాతే కొనుగోలు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. అక్కయ్య వంటింట్లో ఇప్పటికీ ఏ బాటా అందదు. రెండో పెట్టె పెడతానంటే వద్దంది. "అన్నం వండే చోట నాకు ఫోనెందుకప్పా" అంది. సరే అన్నాను. అన్ని మూలలకూ వెలుగు పడాలని లేదు, మనిషి కూర్చునే చోట పడితే చాలు.

మొన్న ఆదివారం మనవరాలు హోసూరులో "రహదారి" మీద చదివింది, అవ్వ కృష్ణగిరి వసారాలో "వీధి" మీద విన్నది. "మా అత్త అక్కకు గుమ్మడికాయ ఇచ్చింది" అని చదివింది. అవ్వ మధ్యలో ఆపి, "మళ్ళీ చెప్పు" అంది. పిల్ల భయపడింది, తప్పు చదివానేమోనని. "తప్పేమీ లేదులే, ఒత్తులన్నీ బాగా పలికినావు, ఇంకొకసారి విందామని" అంది అవ్వ.

మీ ఇంట్లో ఏ గదిలో ఏ బాట నడిచిందో, ఏ గోడ దగ్గర ఆగిందో రాయండి. వచ్చే సంచికలో పాత ఫోన్లను పిల్లల చదువుకు, పెద్దల అవసరాలకు పనికివచ్చేలా ఎలా సవరించుకోవచ్చో చూద్దాం.

అంతవరకు సెలవు.